ఎరుపు ఎటు పోతుంది?

గుంటూరు పక్క పల్లెల్లో మిరప కళ్లాలు చూశారా? ఫిబ్రవరి, మార్చిలో వెళ్తే కనుచూపు మేరా ఎరుపే. బ్లాక్ అండ్ వైట్ మీద మనసు పడిన కొత్తలో నేను కెమెరా పట్టుకుని వెళ్లింది అలాంటి కళ్లానికే. ఆకుపచ్చ చీర కట్టుకున్న ఒక పెద్దావిడ కాయల మధ్య గొంతుక్కూర్చుని తాలుకాయలు ఏరుతోంది. ఎరుపులో ఆ పచ్చదనం ఎంత బాగుందో! అడిగి, ఒప్పుకున్నాక ఇరవై ఫొటోలు తీశాను.

ఇంటికొచ్చి కంప్యూటర్‌లో రంగు తీసేస్తే చీర, మిరపకాయలు రెండూ ఒకే బూడిద రంగులో కలిసిపోయాయి. కాయల కుప్ప ఎక్కడ ఆగిందో, చీర కుచ్చిళ్లు ఎక్కడ మొదలయ్యాయో తెలియలేదు. ఆవిడ విసిరేసిన తాలుకాయలు మాత్రం తెల్లగా, ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించాయి. ఆ రోజు చాలాసేపు ఆ తాలుకాయలనే చూస్తూ కూర్చున్నాను. నేను కళ్లంలో చూసింది రంగుల తేడా. ఫొటోకి కావలసింది వెలుగుల తేడా. అది ఆ తాలుకాయల్లో ఉంది, చీరలో లేదు.

మీరు ఈ మధ్యే నలుపు తెలుపు ఫొటోలు మొదలుపెట్టి, అన్నీ చప్పగా వస్తున్నాయని బెంగపడుతుంటే, ముందు ఈ ఒక్కటి పట్టుకోండి. కెమెరాలో మోనోక్రోమ్ పెట్టుకుని, ఫైలు మాత్రం రా (RAW) ఫార్మాట్‌లో దాచుకోండి. తెర మీద నలుపు తెలుపు కనిపిస్తుంది, లోపల రంగుల వివరమంతా భద్రంగా ఉంటుంది. నెల రోజులు ఇలా చేస్తే కెమెరా ఎత్తకముందే కన్ను చెప్పడం మొదలుపెడుతుంది, ‘ఈ రెండూ ఒకటే బూడిద’ అని.

ఎరుపు కథ నిజానికి చాలా పాతది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానంలో ఫొటోలు తీసిన రాజా దీన్ దయాళ్ (1844–1905) పేరు వినే ఉంటారు, సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపారు. ఆ కాలపు గాజు పలకలకు ప్రధానంగా తెలిసింది నీలమే. ఎరుపు వాటికి కనబడదు. అందుకే అప్పటి ఫొటోల్లో ఆకాశం మబ్బు తునక లేకుండా తెల్లగా ఉంటుంది, ఎర్రటివన్నీ నల్లగా పడతాయి. డార్క్ రూమ్‌లో ఎర్ర బల్బు వెలిగించుకోగలిగిందీ ఇందుకే. ప్రింటు వేసే బ్రోమైడ్ కాగితం ఎరుపును చూడలేదు, మనం చూడగలం. మే నెలలో కుళాయి నీళ్లు వేడెక్కిపోతే ఐసు ముక్కలతో డెవలపర్‌ని 20 డిగ్రీలకు దింపి, ఆ ఎర్ర వెలుతురులో ట్రే ఊపుతూ నిలబడినవాళ్లకు తెలుసు ఆ నిమిషం ఎలా ఉంటుందో. తెల్ల కాగితంలోంచి ముందు కనుబొమలు తేలతాయి. జుట్టు, కనుపాపలు వస్తాయి. ముఖం నిదానంగా నిండుతుంది. ఎన్ని వందల ప్రింట్లు వేసినా ఆ నిమిషానికి అలవాటు పడలేదు నేను.

ఇప్పటి సెన్సర్‌కి అన్ని రంగులూ తెలుసు. అంటే ఎరుపును ఏం చేయాలో తేల్చవలసింది మనమే. నా మిరప ఫొటోనే తీసుకోండి. సాఫ్ట్‌వేర్‌లో ఎరుపు స్లయిడర్ పైకి తోశాను. కాయలు పాలిపోయాయి, వాటి పక్కన చీర చిక్కగా కనిపించింది. మనిషి విడిగా కనిపించింది కానీ, మిరపకాయ తెల్లబడితే దాని ఘాటు పోయినట్టే అనిపించింది నాకు. కిందికి దించి, ఆకుపచ్చను కొంచెం పెంచాను. కాయలు నల్లగా నిగనిగలాడాయి, చీర తేలిక పడింది. అప్పటికి ప్రాణం లేచొచ్చింది. ఒక్క జాగ్రత్త. మన చామనఛాయలో ఎరుపూ నారింజా రెండూ ఉంటాయి. ఎరుపు మరీ దించితే ముఖం కూడా నల్లబడి, మచ్చలు పైకి లేస్తాయి. అప్పుడు నారింజ ఒకటి రెండు గీతలు పెంచండి, ముఖం మళ్లీ మెత్తబడుతుంది. ఫిల్ములో తీసేవాళ్లకు ఈ పని లెన్సు ముందు పెట్టే రంగు అద్దాలు చేస్తాయి. పసుపుది ఆకాశాన్ని కాస్త దించుతుంది. ఎర్రది నీలాకాశాన్ని నల్లగా చేసి మబ్బులు పైకి తెస్తుంది కానీ మనుషుల పెదవులు పాలిపోయేలా చేస్తుంది. పచ్చది ఆకులను తేలిక చేస్తుంది.

ఇక గేదె సంగతి. ఫొటోకి ఎంత వెలుగివ్వాలో నేర్పడానికి నాకు తెలిసి ఇంతకంటే మంచి గురువు లేదు.

చెరువులోంచి అప్పుడే లేచొచ్చిన గేదెను ఫ్రేము నిండా పెట్టి తీయండి. బూడిదరంగు గేదె వస్తుంది. పొలంలో దిగిన కొంగల గుంపును తీయండి. అదీ బూడిదే. కెమెరా మీటరు లోకమంతా సగటున మధ్యరకం బూడిద అనుకుంటుంది. నల్లటిది కనిపిస్తే వెలుగు పెంచుతుంది, తెల్లటిది కనిపిస్తే తగ్గిస్తుంది. కాబట్టి గేదెకు వెలుగు (ఎక్స్‌పోజర్) ఒక స్టాపో, ఒకటిన్నరో తగ్గించాలి. కొంగకు ఒకటి పెంచాలి. కళ్యాణ మండపంలో తెల్ల పంచెల తాతగార్లు మాసిపోయినట్టు పడేదీ, నల్లకోటు పెళ్లికొడుకు వెలిసిపోయేదీ ఈ మీటరు వల్లే.

మరి గేదె మీద కొంగ వాలితే? డిజిటల్‌లో కొంగ వైపు ఉండండి. ఈకలు ఒకసారి తెల్లగా మాడిపోతే ఆ వివరం మళ్లీ రాదు. గేదె చీకటిలో ఉన్నా తర్వాత పైకి తీయొచ్చు. ఫిల్ముకు లెక్క తిరగబడుతుంది. గేదె ఒంటి మీద ఆరిన బురద నెగెటివ్‌లోకి ఎక్కకపోతే ఏ ఎన్‌లార్జరూ దాన్ని పుట్టించలేదు. అక్కడ నీడలకు చాలినంత వెలుగివ్వాలి, తెలుపును ఫిల్ము కడిగేటప్పుడు అదుపు చేయాలి. అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ 1940 ప్రాంతంలో జోన్ సిస్టమ్ అని కట్టింది ఈ లెక్కనే. కటిక నలుపు సున్నా, కాగితం తెలుపు పది, నడిమి బూడిద అయిదు. కొత్తలో ఆ పదకొండు మెట్లూ బట్టీ పట్టక్కర్లేదు. ‘ఈ గేదె ఏ మెట్టు మీద ఉండాలి?’ అని అడుగుతూ ఉంటే చాలు.

బయటికి వెళ్లే వీలు లేదంటారా? వంటింట్లోంచి ఒక వెల్లుల్లిపాయ తెచ్చుకోండి. కిటికీ పక్కన బల్ల మీద ఉతికిన తెల్ల పంచె పరిచి, దాని మీద పెట్టండి. ట్యూబ్‌లైటు ఆర్పేయండి. తెలుపు మీద తెలుపు. ఇందులో ఏముంది అనిపిస్తుంది. పక్కనుంచి పడే వెలుగులో పాయ చుట్టూ తిరుగుతూ చూడండి. పొట్టు మీద సన్నటి నిలువు గీతలు లేస్తాయి. ఊడిన పొట్టు ముక్క అంచు దాదాపు పారదర్శకంగా వెలుగుతుంది. రెబ్బలు ఉబ్బిన చోట తెలుపు, కలిసే చోట నీడ. కిటికీకి ఎదురు వైపు నల్లటి అట్ట నిలబెడితే ఆ నీడ చిక్కబడుతుంది, తెల్ల కాగితం పెడితే పలచబడుతుంది. వారం రోజులు అదే పాయ, అదే కిటికీ. రోజూ వేళ మార్చండి. కొత్త లెన్సు కొనే డబ్బుకంటే ఈ వారమే ఎక్కువ నేర్పుతుందని నా గట్టి నమ్మకం.

రాత్రి భోజనాలయ్యాక 1957 నాటి ‘మాయాబజార్’ పెట్టుకోండి. 2010లో రంగులద్దింది కాదు, అసలుది. మార్కస్ బార్ట్‌లే కెమెరా. పడవ పాట దగ్గర ఆపి నీళ్లు చూడండి. మొత్తం బొమ్మ చీకట్లో ఉంటుంది, తెలుపు పిసరంతే. వెన్నెలంతా ఆ పిసరంత తెలుపులోనే ఉంది. వివాహ భోజనం దగ్గర ఆపి లడ్లనీ, పాత్రలనీ, ఘటోత్కచుడి నగలనీ చూడండి. ఎన్ని రకాల బూడిదలో లెక్కపెట్టండి.

నచ్చిన ఫొటో ఫోనులో వదిలేయకండి, ప్రింటు వేయించండి. రంగుల కాగితం మీద వేస్తే ఒక్కోసారి పచ్చజీర, గులాబీజీర వస్తుంది. ముందు చిన్న సైజులో ఒకటి వేయించి, పగటి వెలుగులో చూసి, బాగుంటేనే పెద్దది చెప్పండి. మ్యాట్ కాగితం అడగండి. తెర మీద లోతుగా కనిపించిన నీడలు కాగితం మీద మూసుకుపోతాయి కాబట్టి ప్రింటుకిచ్చే ఫైలులో నీడలు ఒక పిసరు తేల్చండి.

నిరుడు వేయించిన వెల్లుల్లి ప్రింటు ఒకటి మా వంటింటి తలుపు పక్కన తగిలించాను. సాయంత్రం నాలుగింటికి కిటికీ వెలుగు దాని మీద పడుతుంది. ఆ వేళకి కాఫీ గ్లాసుతో అక్కడ నిలబడితే, ఊడిన ఆ పొట్టు ముక్క అంచు ఇప్పటికీ గాలికి కదలబోతున్నట్టే ఉంటుంది.