హోల్డ్ తీసేసిన ఏడాది

2018 జులై 14, శనివారం

పైథాన్‌లో బొమ్మలు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ కోడులో పొద్దున్నుంచి ఒకటే వెతుకులాట. హోల్డ్. ఎక్కడెక్కడ ఉందో చూస్తుంటే తల తిరుగుతోంది. ప్లాట్, స్కాటర్, బార్... గీసే ప్రతి ఫంక్షన్ మొదట్లో అదే షరతు. హోల్డ్ లేకపోతే ముందున్నదంతా తుడిచెయ్.

వేరే ఫైల్లో ఎవరో హోల్డ్ ఫాల్స్ అంటారు. ఇక్కడ రెండో గీత గీయగానే మొదటిది మాయం. గీసిన మనిషి తన డేటానే అనుమానిస్తూ రాత్రంతా కూర్చుంటుంది.

హోల్డ్ పోతుందని 2.0 వెర్షన్‌లోనే చెప్పారు. నిరుడు జనవరిలో. 3.0లో పోవాల్సిందే. నాకైతే ఇవాళే పోవాలని ఉంది.

జులై 29

పాత ఉదాహరణలు సరిచేస్తున్నాను. యాక్సిస్‌బీజీ కనబడిన చోటల్లా ఫేస్‌కలర్. స్పెక్ట్రల్ అని చిన్న ఎస్‌తో ఒక రంగుల పట్టీ, పెద్ద ఎస్‌తో ఇంకొకటి. రెండింటికీ పోలికే లేదు. చిన్న ఎస్‌ది ఇప్పుడు నిపీ స్పెక్ట్రల్ అయింది. హాయిగా ఉంది ఈ పని. ఒక్కో పేరు పోతుంటే గదిలోకి గాలి వచ్చినట్టు.

ఆగస్టు 28

జాన్ హంటర్ పోయి ఇవాళ్టికి ఆరేళ్లు.

మూర్ఛ రోగుల మెదడు సంకేతాలు చూసుకోడానికి మొదలుపెట్టాడు మ్యాట్‌ప్లాట్‌లిబ్‌ని. 2003లో అందరికీ ఇచ్చాడు. మ్యాట్‌ల్యాబ్‌కి అలవాటైన చేతులు తడుముకోకూడదని ఆ పేర్లే ఉంచాడు. హోల్డ్ కూడా అక్కడిదే.

అంటే ఇది ఎవరి కోసమో ఆలోచించి పెట్టింది. జులైలో నేనింత కోపంగా వెతికింది దీన్నేనా?

తీసేయడం సబబే. అయినా...

సెప్టెంబరు 22

3.0 వచ్చేసింది. పైథాన్ 2కి ఇక సెలవు. ఆ పాతదాంట్లో ఉన్నవాళ్లకి 2.2 ఒక్కటే దిక్కు, అదీ 2020 వచ్చేదాకా.

హోల్డ్ లేదు. ఆ షరతు ఉన్న చోటల్లా ఖాళీ. చదువుతుంటే ఎంత బాగుందో.

అక్టోబరు 6

నాకు చదువు చెప్పిన సార్ ఫోన్.

"ఏమ్మా, పిల్లోళ్ల ల్యాప్‌టాపుల్లో బొమ్మ రావడంల్యా. నా దాంట్లో బాగనే వస్తాంది."

రావడం మానేసింది సార్ క్లాసులో వాడే అనంతపురం వానల స్క్రిప్టు బొమ్మ. సార్ కంప్యూటర్లో 2.2. పిల్లలవి కొత్తవి, 3.0. హోల్డ్ ట్రూ అన్న దగ్గర ఆగిపోతోంది. ఆ పంక్తి అసలు అక్కర్లేదు. మొదటినుంచీ ఇక్కడ అదే డిఫాల్ట్. సార్‌కి మ్యాట్‌ల్యాబ్ రోజుల చేతి అలవాటు, అంతే.

"తీసేయండి సార్, ఏం కాదు" అన్నాను. "ఏం కాకపోతే మీరెందుకు తీసేసినారమ్మా?" అన్నారు. కోపం లేదు గొంతులో. నిజంగానే అడిగారు.

అక్టోబరు 7

ఏడాదిన్నర పైగా వార్నింగ్ వస్తూనే ఉంది కదా, సార్ ఎలా చూడలేదు? స్క్రిప్టు పంపించుకుని తెరిచాను. మొదట్లోనే ఉంది జవాబు. వార్నింగులన్నీ ఇగ్నోర్. ఎప్పటి విద్యార్థో పెట్టి వెళ్లిపోయాడట. క్లాసులో ప్రొజెక్టర్ మీద ఎర్రక్షరాలు వస్తుంటే బాగాలేదని.

డిప్రెకేషన్ వార్నింగ్‌ని పైథాన్ మామూలుగా దాచేస్తుంది. అందుకని మ్యాట్‌ప్లాట్‌లిబ్ తనదాన్ని యూజర్ వార్నింగ్ కింద పెట్టుకుంది, అందరికీ కనబడాలని. కనబడింది. కనబడింది కాబట్టే దాని నోరు నొక్కారు.

ఇంకెలా చెప్పాలి మనుషులకి?

నవంబరు 18

మార్పుల పుట మళ్లీ చదివాను. ఇకపై ఎప్పుడూ హోల్డ్ ట్రూ ఉన్నట్టే. యాక్సిస్ తుడవాలంటే సీఎల్ఏ, బొమ్మంతా తుడవాలంటే సీఎల్ఎఫ్. ఏం పోయిందో, బదులు ఏం రాయాలో, అన్నీ ఉన్నాయి. ఒక్క మాట ఎక్కువ లేదు.

సార్ దగ్గర ఎవరు తెరుస్తారు ఈ పుట?

2019 మే 26

3.1. ఈసారి హిస్టోగ్రాం గీసే హిస్ట్ ఫంక్షన్లో నార్మ్‌డ్ వంతు. డెన్సిటీ అని రాయాలి.

కావాలని పాత పేరుతో హిస్టోగ్రాం గీసి చూశాను. నార్మ్‌డ్ అనే ప్రాపర్టీ ఏమిటో తెలియదంటోంది. అవును మరి, తనకి తెలియనివన్నీ హిస్ట్ కింద దీర్ఘచతురస్రాలకి పంపేస్తుంది. ఫిర్యాదు అక్కడినుంచి వస్తోంది. డెన్సిటీ ఊసే లేదు అందులో. ఈ ఎర్రక్షరాలని ఇగ్నోర్ చేయడానికీ లేదు, ప్రోగ్రామే ఆగిపోతుంది. అందరూ చదివేది ఇదొక్కటే. ఇందులోనే దారి లేదు.

తీసేశాక కూడా ఆ పేరు వస్తే పట్టుకుని "డెన్సిటీ అని రాయండి" అని చెప్పి ఆగితే? అప్పుడు ఆ పేరు ఎప్పటికి పోతుంది? ఎవరు లెక్కపెడతారు?

పోకపోయినా పరవాలేదేమో. నేనేనా ఇలా రాస్తున్నది...

జూన్ 9

సార్‌కి ముందే ఫోన్ చేశాను, ఆగిపోకముందే. నార్మ్‌డ్ తీసి డెన్సిటీ పెట్టించాను.

సార్ వానని వాతావరణ శాఖ తరగతుల ప్రకారం విడగొడతారు. 2.5 మి.మీ. లోపు, 15.5 దాకా తేలికపాటి, 64.4 దాకా ఓ మోస్తరు, ఆపైన భారీ. ఏ రెండింటి వెడల్పూ ఒకటి కాదు. అంకెల లైబ్రరీ నంపైలో నార్మ్‌డ్ తప్పు లెక్క చెప్పేది సరిగ్గా ఇలాంటి చోటే.

"కడ్డీలన్నీ కూడితే ఒకటి రావల్ల కదమ్మా?"

"ఎత్తులు కూడితే రాదు సార్. ఒక్కోదాన్ని వెడల్పుతో గుణించి కూడాలి."

కాగితం చప్పుడు. చాలాసేపు. "వచ్చె" అన్నారు. తర్వాత, "పిల్లోళ్లకి ఎత్తులే కూడి చూపిస్తి కదమ్మా ఇన్నేండ్లు..."

నాకేం అనాలో తోచలేదు. నేనూ ఆ పిల్లల్లో ఒకదాన్ని.

జూన్ 11

సార్ మెసేజ్. "జెట్ కూడా తీసేస్తారామ్మా?"

తీయరు. 2.0లో డిఫాల్ట్ రంగుల పట్టీ జెట్ నుంచి విరిడిస్‌కి మారింది, అంతే. జెట్ కావాలంటే పేరు రాసి అడగాలి. అలా ఉంచడమే సరైంది. కానీ సార్ జిల్లా వానల మ్యాపు మధ్యలో పసుపు అంచు ఒకటి తెగ్గోసినట్టుంది. అంకెల్లో అక్కడ ఏ తేడా లేదు, చూశాను. ఆ పసుపు జెట్‌ది, వానది కాదు.

ఆదివారం రెండు రంగుల్లోనూ గీసి పంపాలి. మార్చమని మాత్రం అనను. అంకెలు కూడా పక్కనే పెడతాను.