చివరి లైను చదువు తమ్ముడూ!

మన హాస్టల్లో చదివి, డిగ్రీలో కంప్యూటర్స్ తీసుకున్న ఒక తమ్ముడు సెలవుల్లో నా దగ్గరికొచ్చాడు. "అన్నా, నాకు ఇంగ్లీషు రాదు. ఈ ప్రోగ్రామింగు మనవల్ల కాదు, గ్రూపు మార్చుకుంటా" అన్నాడు. ఇంతకీ అది పైథాన్ 3లో రాసిన ఆరు లైన్ల ప్రోగ్రాము. రెండు సబ్జెక్టుల మార్కులు కూడాలి, అంతే.

రన్ చేయగానే ఎర్రర్ వచ్చింది. నేను కీబోర్డు ముట్టుకోలేదు. "చివరి లైను పైకి చదువు" అన్నాను. కూడబలుక్కుని చదివాడు. ఫలానా పేరు తెలియదంటోంది. చూస్తే 'టోటల్' స్పెల్లింగులో ఒక చోట 'ఎల్' ఎక్కువ పడింది. తనే దిద్దుకున్నాడు.

ఈసారి ఎర్రర్ లేదు గానీ 45, 38 కలిపితే 4538 వచ్చింది! 'ఇన్‌పుట్'తో తీసుకున్న దేన్నయినా పైథాన్ 3 అక్షరాలుగానే చూస్తుంది. కలపమంటే పక్కపక్కన అంటిస్తుంది. రెండింటికీ 'ఇంట్' తగిలించాక 83 వచ్చింది. తమ్ముడు మళ్ళీ గ్రూపు మాట ఎత్తలేదు.

తమ్ముళ్లూ, ఎర్రర్ అంటే తిట్టు కాదు. ఏ లైనులో ఆగిందో పైన, ఎందుకు ఆగిందో చివర చెబుతుంది. అది చదవడానికి కాసిన్ని ఇంగ్లీషు మాటలు చాలు. ఎర్రర్ రాకపోయినా, జవాబును ఒకసారి చేత్తో లెక్కేసి చూసుకోండి.