మూడేండ్లకే పలకెందుకు?

చలిమంట దగ్గరికి ఇంకొంచెం జరగండి. ఈ నెలల్లో నల్లమల గాలి అచ్చంపేటను ఊరికే వదలదు. పల్లికాయ కాల్చుకుంటూ మాట్లాడుకుందాం.

ఈ మధ్య ఎవరింటికి పోయినా ఒకటే బెంగ. "పిల్లగానికి మూడేండ్లు నిండినై సారూ, ఇంకా ఏబీసీడీలు రాస్తలేడు!" రాయకుంటే ఏమైతది? ఆ వయసు వేళ్లకు బలపం పట్టుకోవడమే పెద్ద పని. ఫిన్లాండులో ఒకటో తరగతే ఏడో ఏట మొదలవుతుంది, అక్కడివాళ్లు చదువురాకుండా మిగిలిపోయారా?

పైగా మన లిపి తొందరపెడితే వచ్చేది కాదు. ఒక్క 'క'కే అంత గుణింతం, ఆపైన ఒత్తులు. 'ప'కూ 'వ'కూ తేడా పట్టుకోవాలంటే పెద్దవాళ్ల కళ్లే ఒక్క క్షణం ఆగుతాయి. మన లిపికి తోబుట్టువులాంటి కన్నడంలో పిల్లలు చదువు ఎలా నేరుస్తారో సొనాలి నాగ్ పరిశోధించారు. 2007లో అచ్చయిన ఆ వ్యాసం చెప్పేదేమిటంటే, అక్షరాలన్నీ పట్టుబడటం ఒకటి రెండేళ్లలో తేలే వ్యవహారం కాదు. కేంద్రం 2021లో తెచ్చిన 'నిపుణ్ భారత్' కూడా, చదివి అర్థం చేసుకోవడానికి మూడో తరగతి ముగిసేదాకా గడువిచ్చింది. మన రాష్ట్రంలో 2022లో మొదలైన 'తొలిమెట్టు' చదువు కార్యక్రమం కూడా బడి పిల్లల కోసమే, మూడేండ్లవాళ్ల కోసం కాదు. సర్కారుకున్న ఓపిక మనకు లేకపోతే ఎట్లా?

ఇంట్లో ముందు పని చెప్పాల్సింది చెవులకు. బొడ్డెమ్మ చుట్టూ ఆడపిల్లలు చప్పట్లు కొడుతూ తిరుగుతారు చూడండి, పాట నడక వాళ్ల అరచేతుల్లోకి వచ్చేస్తుంది. అదే ఆట మాటలతో ఆడండి. అ, చ్చం, పే, ట: నాలుగు చప్పట్లు. ఇంట్లో వాళ్ల పేర్లన్నీ ఇట్లా కొట్టించండి, నవ్వులే నవ్వులు. బువ్వ తినిపిస్తూ "'ప'తో ఏమేం ఉన్నయ్?" అనండి. పల్లి, పలక, పడవ. మాట ముక్కలవుతుందని చెవికి తెలిశాక, ఆ ముక్కకో గుర్తు ఉందంటే పిల్ల తేలిగ్గా నమ్ముతుంది.

"మా అవ్వకు సంతకమే రాదు, ఆమె ఏం నేర్పుతది?" అంటారా? పాలమూరు లేబర్ అని దేశమంతా పేరుపడ్డ నేల మనది. అమ్మానాన్న పుణెకో హైదరాబాదుకో పనికి పోతే, అవ్వ దగ్గరే పెరిగే పిల్లలు ఎందరో. ఆ అవ్వకు సాత్రాలు వస్తాయి. మధ్యలో ఆపి "తర్వాత ఏమైంటదంటవ్?" అని అడిగితే చాలు, పిల్ల ముందు కథ తనే అల్లుతుంది. రేపు పుస్తకం పట్టినా చేసే పని అదే. తండాలో తల్లి అయితే లంబాడీలోనే చెప్పాలి. బడి కోసమని రాని తెలుగులో తడుముకుంటే కథలో ఉప్పూకారం పోతుంది.

కంటికి కావలసింది మన బస్టాండులోనే ఉంది. పలక అక్కర్లేదు, బస్సుల బోర్డులు చూపించండి. మొదట 'లింగాల'. ముందూ చివరా 'ల' కుటుంబమే, పిల్ల ఇట్టే పసిగడుతుంది. తర్వాత 'మన్ననూరు'. 'కల్వకుర్తి' ఒత్తులకు ఇంకా టైముంది. మొదట్లో బోర్డును బొమ్మలా గుర్తుపట్టి "లింగాల బస్సొచ్చింది!" అని అరుస్తుంది. అది చదవడం కాదని దిద్దబోకండి.

ఇంట్లో పుస్తకాలు లేకపోతే ఫోనులో స్టోరీవీవర్ తెరవండి. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టింది, తెలుగు బొమ్మల కథలు పైసా కట్టకుండా దొరుకుతాయి. ఫోను చేతికిచ్చి మీరు పక్కకు పోతే మాత్రం లాభం లేదు. ఒళ్లో కూర్చోబెట్టుకుని, వేలితో వరుస చూపిస్తూ చదవండి. అదే కథ రేపూ అడుగుతుంది, ఎల్లుండీ అడుగుతుంది. మీకు విసుగొచ్చి ఒక మాట మింగేస్తే, "గట్ల లేదు, మళ్ల చదువు" అని పట్టేస్తుంది. పలక కొనాలనుకుంటే అప్పుడు కొనండి.