బుడమేరు: వరదలో తప్ప గుర్తురాని వాగు

విజయవాడకు అది దుఃఖదాయిని. దిగువ పల్లెల పిల్లలకు మాత్రం ఒకప్పుడు గాలం వేయడం నేర్పిన బడి

బుడమేరు పేరు పత్రికల మొదటి పేజీకి ఎక్కాలంటే ఊరు మునగాలి. 2005లో ఒకసారి మునిగింది. 2024 సెప్టెంబరు 1న మరింత ఘోరంగా మునిగింది. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట వీధుల్లో పడవలు తిరిగాయి. మేడల మీద నిలబడ్డ జనం పాలప్యాకెట్ల కోసం హెలికాప్టర్ల వంక చేతులు చాచారు. నీళ్లు తీశాక టీవీ వ్యాన్లు వెళ్లిపోయాయి. ఆ తర్వాత బుడమేరును పట్టించుకునేవారు తగ్గిపోయారు. ‘విజయవాడ దుఃఖదాయిని’ అన్న బిరుదు మాత్రం మిగిలింది. వాగుకు ఇంకో పేరూ, ఇంకో జీవితమూ ఉన్నాయన్న సంగతి నగరంలో పుట్టి పెరిగినవారిలో చాలామందికి తెలియదు.

మ్యాపులో చూస్తే ఇది పెద్ద ప్రవాహమేమీ కాదు. మైలవరం చుట్టుపక్కల కొండల్లో పుడుతుంది. చిన్నాచితకా వాగులను కలుపుకొని వెలగలేరు దగ్గరికి వస్తుంది. అక్కడున్న రెగ్యులేటర్ దాని దారిని రెండుగా చీలుస్తుంది. మళ్లింపు కాలువలో పడ్డ నీళ్లు ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తాయి. పాతదారి పట్టిన నీళ్లు విజయవాడ ఉత్తరపు అంచులను రాసుకుంటూ, ఎనికేపాడు వద్ద ఏలూరు కాలువ కిందుగా దూరి, గన్నవరం, నందివాడ మండలాల మీదుగా కొల్లేరు చేరతాయి. 2022లో జిల్లాలను విడగొట్టాక ఈ వాగు తల ఎన్టీఆర్ జిల్లాలో, నడుము కృష్ణా జిల్లాలో, పాదాలు ఏలూరు జిల్లాలో పడ్డాయి. ఒక వాగుకు ముగ్గురు కలెక్టర్లు.

నాకు బుడమేరు పరిచయమైంది పాదాల వైపు నుంచే. నందివాడ మండలంలో మా అమ్మమ్మగారి ఊరు. 1990ల చివర్లో వేసవి సెలవులు, దసరా సెలవులు అక్కడే గడిచేవి. వేసవిలో వాగు గుంటలు గుంటలుగా విడిపోయి, ఒక్కో గుంటకూ ఒక్కో పేరుతో ఉండేది. పశువులు దిగేది గేదెల మడుగు. మర్రిచెట్టు వేళ్లు నీళ్లలోకి దిగినచోటు దెయ్యాల మడుగు. పిల్లల్ని దూరంగా ఉంచడానికి పెద్దలు పెట్టిన పేరే అయినా, పెద్ద చేపలుండేదీ అక్కడే. దసరా నాటికి గుంటలన్నీ కలిసిపోయి, వరిచేల పక్కన వాగు గట్టు దాకా నిండి నిదానంగా పారేది. జూన్, జూలైల్లో బడి మానిపించుకుని వెళ్లగలిగిన ఒకటి రెండుసార్లు అసలు పండగ చూశాం. ఎర్రటి కొత్త నీరు రాగానే చేపలు ప్రవాహానికి ఎదురెక్కేవి. గుడ్లు పెట్టడానికి పంట కాలువల్లోకి, అక్కణ్నుంచి మడి చెక్కల్లోకి పాకేవి. గొరకలైతే తడిసిన గట్టు మీద మొప్పలు ఆనించుకుంటూ ఒక మడిలోంచి ఇంకో మడిలోకి నడిచిపోయేవి.

గురువు మా చిన్న మావయ్య. ఆయన దగ్గర కొన్న వస్తువులు రెండే, గుడివాడ బజార్లో తెచ్చిన గాలం ముళ్లు, తంగూసు చుట్ట. మిగతాదంతా ఊళ్లో దొరికేదే. సన్న వెదురు కర్ర, జీలుగు బెండు ముక్క, పేడకుప్ప అడుగున తవ్విన ఎర్రలు. ఎర్రను ముల్లుకు ఎక్కించడంలోనే సగం విద్య ఉందనేవాడు. ముల్లు కొన బయటికి కనిపిస్తే చేప రాదు, ఎర్ర మరీ వదులుగా వేలాడితే కొసలు కొరుక్కుని పోతుంది. ‘‘బెండు వణికితే పరిగెరా అల్లుడూ, లాగమాక. బెండు పక్కకి నడుచుకుంటా పోతే జెల్ల. ఒక్కసారిగా మునిగిందా, అప్పుడు లాగు’’ అనేవాడు. నీళ్ల అడుగున ఏముందో పైన తేలే ఒక్క బెండును చూసి చెప్పగలగడం అప్పట్లో నాకు జ్యోతిషం కంటే గొప్పగా తోచేది.

మాకు దొరికినవాటిలో ఎక్కువ పరిగెలు, మట్టగిడసలు. బురదలో ఇంగిలాయిలు, మార్పులు ఉండేవి. ఇంగిలాయి ముల్లు గుచ్చుకుంటే మోచేతి దాకా మంట ఎక్కి, రాత్రంతా నిద్ర ఉండదు. దాన్ని ముల్లు నుంచి విప్పే పని మావయ్యదే. బొమ్మిడాయి దొరికిన రోజు ఇంట్లో మా గౌరవం పెరిగేది. అమ్మమ్మ మామిడికాయ ముక్కలు వేసి దాకలో పులుసు పెట్టి, ‘‘రేపటికి బావుంటది, ఇయ్యాళ ముట్టమాకండి’’ అని మూత మీద రోకలి అడ్డం పెట్టేది. చేపల పులుసు మర్నాటికి గానీ రుచి తేలదన్నది కృష్ణా జిల్లాలో ఇంటింటికీ తెలిసిన సూత్రం. మా ఇంట్లో అది అమలైన రోజులు తక్కువ.

అందరి కన్నూ కొర్రమీను మీదే. దాన్ని పట్టాలంటే ఎర్ర చాలదు. చిన్న కప్పను గుచ్చి, గుర్రపుడెక్క ఆకుల అంచున నీటి మీద తేలీతేలనట్టు ఆడించాలి. కొర్రమీను నీళ్లపైకి వచ్చి గాలి పీలుస్తుంది కాబట్టి ‘బుడుక్’మన్న చప్పుడును బట్టి జాడ పట్టేవాళ్లు. ఒకసారి మడుగు అంచున ఎర్రటి నలక లాంటిది గుంపుగా కదులుతూ కనిపించింది. కొర్రమీను పిల్లలు. వాటి కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. ఆ సమయంలో ఏది దగ్గరికి వచ్చినా మీదికి దూకుతాయి కాబట్టి గాలానికి తేలిగ్గా చిక్కుతాయి. మావయ్య కర్ర చుట్టేసి, ‘‘ఇయ్యి పెద్దయ్యేదాకా ఈ పక్కకి రావద్దు’’ అన్నాడు. ధర్మపన్నాలేమీ చెప్పలేదు. తల్లిని పట్టుకుంటే పిల్లల్ని మట్టగిడసలు తినేస్తాయి, వచ్చే ఏడాది మడుగులో ఏమీ ఉండదు. ఆ లెక్క ఊళ్లో అందరికీ తెలుసు. అందరూ పాటించేవారని మాత్రం చెప్పలేం.

ఆ వాగు దగ్గర ఎవరెవరు ఉండేవారన్నది రాజనీతి శాస్త్రం చదువుకున్నాక గానీ నా మనసుకు ఎక్కలేదు. ఊరి చెరువును పంచాయతీ ఏటా వేలం వేసేది. పాడుకున్నవాడి మనిషి గట్టున కాపలా ఉండేవాడు. మేం అందులో గాలం వేస్తే దొంగతనం. బుడమేరుకు వేలం లేదు. రైతుల పిల్లలం సరదాకు గాలాలు వేసేచోటే కూలీ కుటుంబాల ఆడవాళ్లు నాట్లు ముగించుకుని వచ్చి మోకాల్లోతు నీళ్లలో ఊతలు వేసేవారు. వాళ్లకు అది సరదా కాదు, ఆ పూట కూర. కొల్లేటి వైపు నుంచి వచ్చిన వడ్డీలు మావులు పెట్టి పొద్దున్నే తీసుకెళ్లేవారు. ఇరుకుచోట మావు ఉన్నప్పుడు దానికి ఎగువన అలికిడి చేయకూడదు. మడుగును ఎండగట్టి పట్టాలంటే ఊరంతా ఒక రోజు అనుకోవాలి. కాగితం మీద రాయని ఈ కట్టుబాట్లపై తగాదాలూ వచ్చేవి, తీరేవి. ఉమ్మడి వనరులను సర్కారో, సొంతదారో కాకుండా వాడుకునేవారే కాపాడుకోగలరని చూపినందుకు ఎలినార్ ఓస్ట్రోమ్ అనే రాజనీతి శాస్త్రవేత్తకు 2009లో అర్థశాస్త్ర నోబెల్ ఇచ్చారు. ఆమె పుస్తకం చదువుతున్నప్పుడు నాకు తోచిన ఉదాహరణ ఈ వాగే.

ఆ ఉమ్మడి ఒక్కరోజులో పోలేదు. ముందు వరిచేలు చేపల చెరువులుగా మారాయి. నందివాడ మండలంలో ఇప్పుడు రోడ్డుకు రెండు వైపులా గట్లు, వాటి మధ్య నీళ్లు, మేత బస్తాల లారీలు. బొచ్చె, శీలావతి ఐసు పెట్టెల్లో కోల్‌కతా, ఈశాన్య రాష్ట్రాల దాకా పోతున్నాయి. దీనివల్ల ఊళ్లో డబ్బు వచ్చింది. మేడలు లేచాయి, పిల్లలు అమెరికా వెళ్లారు. కాదనడానికి లేదు. కానీ కొత్తనీటికి చేప ఎదురెక్కడానికి మడి చెక్క మిగల్లేదు. చెరువుల నుంచి తోడిపోసిన నీళ్లూ, పై నుంచి వచ్చే నగరపు మురుగూ వాగులోకే. డెల్టాలో అధికారులు దీన్ని ‘బుడమేరు డ్రెయిన్’ అంటారు. పేరు పెట్టాక దానికి తగ్గట్టు వాడుకోవడం తేలికైంది.

వాగు చేరే కొల్లేరు కథ అందరికీ తెలిసిందే. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట చేపల చెరువుల గట్లను పేల్చేశారు. తర్వాత గట్లు మళ్లీ లేవడం మొదలైంది. అభయారణ్యం హద్దును అయిదో కాంటూరు నుంచి మూడో కాంటూరుకు తగ్గించాలన్న డిమాండు ప్రతి ఎన్నికల్లోనూ వినిపించింది. సరస్సు నుంచి సముద్రానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. దిగువన నీళ్లు నిలిస్తే, పైన ఉన్న బుడమేరు కూడా కదలదు.

2024 వరద తర్వాత వాగు వెంట పైకి వెళ్లి చూశాను. వెలగలేరు, కవులూరు దగ్గర మళ్లింపు కాలువకు పడ్డ మూడు గండ్లలో చివరిదాన్ని సెప్టెంబరు 7న, సైన్యం సాయంతో పూడ్చారు. 2015 నుంచి గోదావరి నీళ్లు పట్టిసీమ మీదుగా కృష్ణలో కలవడానికి చివరి అంచెలో వాడుకుంటున్నదీ ఈ కాలువనే. ఆ వరదలో బ్యారేజీ వద్ద కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా పారుతుండడంతో కాలువ నీళ్లను నది సులువుగా తీసుకోలేకపోయింది. రాయనపాడు రైల్వేస్టేషన్‌లో పట్టాలు మునిగాయి. నగరం అంచుల్లోకి వచ్చాక వాగు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. ఒకచోట రెండు గోడల మధ్య నల్లటి చార. ఇంకోచోట గుర్రపుడెక్క కప్పేసిన పచ్చటి మైదానం. ఒడ్డున ఇళ్లు కట్టుకున్నవారిలో పట్టాలు ఉన్నవారూ, పన్నులు కడుతున్నవారూ ఉన్నారు. వాళ్లను ఆక్రమణదారులని ఒక్క మాటతో తేల్చేయడం కుదరదు.

దిగువన వరద ఇంకా ఆలస్యంగా తీసింది. చెరువుల గట్లు మునిగి చేపలు వాగులోకి, పొలాల్లోకి వచ్చేశాయి. ఊరు మళ్లీ వలలు తీసింది. ఆ సంబరంలోనే మార్పు తెలిసిపోయింది. వలల్లో బొచ్చెలు, శీలావతులు, చైనా గొరకలని పిలిచే తిలాపియాలు. ఆఫ్రికా నుంచి తెచ్చిన క్యాట్‌ఫిష్. ఒళ్లంతా గట్టి పలకలతో, ఎవరూ తినని డెవిల్ ఫిష్. ఇంట్లో గాజుతొట్టెల అలంకారానికి తెచ్చిన చేప ఇప్పుడు వలలు చింపుతోంది. పరిగెలు, బొమ్మిడాయిలు ఏవని అడిగితే మా మావయ్య నవ్వాడు. అరవై దాటిన ఆయన వాగులో గాలం వేసి పదేళ్లు దాటింది. ‘‘నీళ్లలో చెయ్యి పెడితే దురదరా. పట్టినా మీ అత్త వండదు. గుడివాడలో కొనుక్కొస్తన్నాం’’ అన్నాడు. మరి కొర్రమీను? ‘‘అదీ చెరువులోదే. మేత తిన్నది. కిలో ఎంతో చెబితే నువ్వు నమ్మవు.’’

వరద తర్వాత ప్రభుత్వం ‘ఆపరేషన్ బుడమేరు’ ప్రకటించింది. ఆక్రమణల సర్వే, గట్ల బలోపేతం, కాలువ విస్తరణ అందులో ఉన్నాయి. ఇవన్నీ అవసరమే. ఇంకో సెప్టెంబరులో సింగ్‌నగర్ పిల్లలు మేడల మీద రాత్రుళ్లు గడపకూడదు. కానీ వాగు గురించిన లెక్కలన్నీ క్యూసెక్కుల్లోనే, ఎంత నీటిని ఎంత త్వరగా తోసెయ్యగలం అన్న ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నాయి. నగరపు మురుగును శుద్ధి చేశాకే వాగులోకి వదలడం, వరదనీరు పరుచుకోవడానికి పక్కన కొంత నేల విడిచిపెట్టడం వరదను తగ్గించే పనులే, చేపనూ బతికించే పనులే. ఊత వేసుకుని కూర సంపాదించుకున్న ఆడవాళ్లకు పోయినదాన్ని ఏ నష్టపరిహారం జాబితాలోనూ చూపలేదు. ఎందుకంటే అది వాళ్లదని ఎక్కడా రాసి లేదు. బుడమేరును బాగుచేసేటప్పుడు దాని మీద హక్కున్న వాళ్లలో వాళ్లనూ లెక్కపెట్టాలి.