వగరు చేసే పని

చలి ముదురుతోంది, కుంపటి దగ్గరికి జరగండి. ఇవాళ అంబలి కబుర్లు చెప్పుకుందాం.

బాసగూడ పేరు విన్నారా? బస్తర్ అడవుల్లో, బీజాపూర్ జిల్లాలో, తాలిపేరు ఒడ్డున ఉన్న ఊరు. ఆ ఏరే కిందికి పారి మన చర్ల మీదుగా గోదావరిలో కలుస్తుంది. అటు కోయ, దోర్ల ఇళ్లలో ఎండాకాలం ఆకలికీ దాహానికీ రాగి అంబలే ఆధారం. రాత్రి పిండిని నీళ్లలో కలిపి పులియబెడతారు. తెల్లారి నూకలు ఉడుకుతున్న ఎసట్లో పోసి కాస్తారు. సొరబుర్రలో నింపుకొని పనికి పోతారు.

ఆ పులియబెట్టడం ఎంత తెలివైన పనో చెప్పాలనే ఇవాళ మిమ్మల్ని కూర్చోబెట్టాను.

కరక్కాయ ముక్క కొరికారనుకోండి, నాలుక పట్టేసినట్టవుతుంది కదా! అందులోని టానిన్లు లాలాజలంలోని మాంసకృత్తులను పట్టి గడ్డకట్టించడం వల్ల వచ్చే వగరు అది. తంగేడు చెక్కతో తోళ్లు ఊనడం వెనక ఉన్నదీ ఇదే. తోలు కూడా మాంసకృత్తే మరి. ఆ కుటుంబానికి చెందిన టానిన్లే ఎర్ర రాగుల పైపొరలోనూ కొన్ని రకాల ఎర్ర జొన్నల్లోనూ ఉంటాయి. వగరు గింజ పిట్టలకు రుచించదు, బూజూ అంత తేలిగ్గా పట్టదు. పంటకు అది కవచం.

తినే మనకు మాత్రం చిక్కు. ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువున్న మాంసకృత్తులంటే టానిన్లకు మహా ఇష్టం. జొన్నలోని కాఫిరిన్ సరిగ్గా అలాంటిదే. టానిన్ పట్టుకున్న మాంసకృత్తును మన జీర్ణరసాలు సులువుగా విడగొట్టలేవు. తిన్నదాంట్లో కొంత వంటబట్టకుండానే పోతుంది. 100 గ్రాముల రాగుల్లో ఉండే మాంసకృత్తులే సుమారు 7 గ్రాములు. అంబలి మీదే పెరిగే పిల్లలకు అందులో ఏ కాస్త పోయినా నష్టమే. రాగుల్లో టానిన్ పెరిగేకొద్దీ మాంసకృత్తుల అరుగుదల తగ్గుతుందని 1977లోనే మన దేశపు శాస్త్రజ్ఞులు ప్రచురించారు. తెల్ల రాగుల్లో ఈ బెడద దాదాపు లేదు. మనం రొట్టెలు చేసుకునే తెల్ల జొన్నల్లోనూ అంతే.

ఇంకో వింత వినండి. టానిన్లున్న జొన్న పెట్టిన ఎలుకల లాలాజల గ్రంథులు కొద్దిరోజుల్లోనే ఉబ్బి, ప్రోలిన్ నిండిన మాంసకృత్తులను విపరీతంగా తయారుచేశాయి. టానిన్లు వాటికి చిక్కుకుంటే తిండిలోనివి బతికిపోతాయన్నమాట! మన లాలాజలంలోనూ అలాంటివి ఉన్నాయి.

అలాగని పైపొర తీసి పారేయమనను. రాగుల్లోని కాల్షియంలో, పీచులో చాలా భాగం అక్కడే ఉంది. పులియబెడితే టానిన్ల పట్టు సడలుతుంది. మొలకెత్తించినా అంతే. అందుకే అప్పటికప్పుడు కలిపి కాచే జావ కంటే పులిసిన అంబలికే నా ఓటు. పక్కన పప్పో ఎండుచేపో ఉంటే ఇంకా మంచిది. రాగుల్లో తక్కువైన లైసిన్ వాటిలో దొరుకుతుంది. అంబలి తాగీ తాగగానే టీ మాత్రం వద్దు. టీలోనూ ఉన్నవి టానిన్లే, అవి ఇనుమును కూడా పట్టేస్తాయి. ఓ గంట ఆగి తాగండి.