అరవై నిమిషాల కోట

పరుపుచుట్టా మరచెంబూ అక్కరలేని ప్రయాణం ఇది. రైలు లేదు, టిక్కెట్టు లేదు. కంప్యూటరు ముందు కుర్చీ లాక్కుని కూర్చుంటే చాలు, పర్షియా సుల్తానుగారి కోటలో, నేలమాళిగలో దిగుతాము. కాని యాత్ర ముగించడానికి గడువు మాత్రం ఒక్క గంట!

ఆట పేరు 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా'. 1989లో జోర్డన్ మెక్నర్ అనే పాతికేళ్ళ అమెరికన్ కట్టిన కోట ఇది. రాళ్ళూ సున్నమూ లేవు. అంతా లెక్కలూ బొమ్మలే. తమ్ముడు డేవిడ్ చేత పరుగెత్తించి, గెంతించి, ఆ వీడియో చూసి భంగిమలు గీశాడు. సంగీతం కట్టింది తండ్రి. అందువల్లనే కాబోలు, తెర మీది మనిషి అంచు పట్టుకుని పైకి పాకుతూంటే మన భుజాలు నొప్పి పెడతాయి.

మన జానపద చిత్రాలు చూసిన వారికి కథ కొత్తది కాదు. సుల్తాను యుద్ధానికి వెళ్ళిన వేళ వజీరు జాఫర్ కోట కాజేశాడు. తనను పెళ్ళాడడమో, చావడమో గంటలోగా తేల్చుకోమని రాకుమారికి గడువు పెట్టాడు. ఆమె వలచిన పరదేశిని చెరలో తోయించాడు. ఆ పరదేశి మనమే.

కోటలో పన్నెండు అంతస్తులు దాటాలి. ఆడేవారు వీటిని 'లెవెల్' అంటారు. మొదటిదానిలో మన చేత కత్తి అయినా లేదు. బయటికి పోయే దారిలో కాపలావాడు కత్తి దూసి నిలబడి ఉంటాడు. వట్టి చేతులతో ఎదురు వెళ్ళామా, ఒక్క వేటుకు సరి! కనుక ముందు వెనక్కి మళ్ళి, కింది అరల్లోకి దిగి, అక్కడ పడి ఉన్న కత్తిని వెదికి తెచ్చుకోవాలి. ముందుకు పోవాలంటే ముందు వెనక్కి పోవాలన్నది ఈ కోటలో మొదటి పాఠం.

ఇక నేల సంగతి. ఒక బండ తొక్కితే ఎక్కడో ఊచల తలుపు పైకి లేస్తుంది. కాసేపు ఆగి మెల్లగా దిగిపోతుంది. ఆలోగా పరుగెత్తి దూరాలి. మరో బండ తొక్కితే ఊడి కింద పడుతుంది. ఏది గట్టిదో తెలియాలంటే నిలుచున్న చోటనే ఒకసారి గెంతండి. వదులు బండలు గడగడలాడి తమ గుట్టు తామే చెప్పుకుంటాయి. కొన్నిచోట్ల నేలలోంచి ఇనుప ముళ్ళు లేస్తాయి. చిత్రమేమంటే, పరుగున వచ్చేవాణ్ణి పొడిచి చంపే ఆ ముళ్ళు మెల్లగా అడుగులో అడుగు వేసేవాణ్ణి ఏమీ చేయవు. చస్తే ఆ అంతస్తు మళ్ళీ మొదటికి వస్తుంది. పోయిన నిమిషాలు మాత్రం తిరిగి రావు. గడియారం పరుగెత్తమంటుంది, నేల ఆగమంటుంది. యాత్రికుడి అవస్థ అంతా ఇదే.

నాలుగో అంతస్తులో దారికి అడ్డంగా ఒక నిలువుటద్దం ప్రత్యక్షమవుతుంది. పరుగున దూకి దాన్ని చీల్చుకుని పోవలసిందే. మనం ఇటు దూకగానే మన నీడ అటు దూకి పారిపోతుంది. ఆ తరువాత మనకు అందవలసిన మందు తాను తాగేస్తుంది. మనం దూకబోయే వేళకు తలుపు మూసి కిందికి పడేట్టు చేస్తుంది. ఈ నీడ పుట్టుక తమాషా అయినది. కొత్త శత్రువు బొమ్మకు ఆనాటి కంప్యూటరులో చోటు చాలలేదట. అందుకని నాయకుడి బొమ్మనే కాస్త మార్చి శత్రువును చేశారు!

ఎనిమిదో అంతస్తులో ఊచల వెనుక చిక్కుబడతాము. గెంతినా, వెదికినా దారి ఉండదు. ఊరక నిలబడితే కొంతసేపటికి రాకుమారి పెంపుడు ఎలుక గునగున వచ్చి అవతలి బండ తొక్కుతుంది. తలుపు లేస్తుంది. గంట గడువులో ఊరక నిలబడడం ఎంత కష్టమో అక్కడ నిలబడిన వారికే తెలుస్తుంది.

పన్నెండో అంతస్తు బురుజులో నీడ కత్తి దూసి ఎదురు నిలుస్తుంది. మనమూ దూస్తాము. దాన్ని పొడిచిన ప్రతి పోటూ మనకే తగులుతుంది. అది చస్తే మనమూ చస్తాము. ఇంతదూరం కాపాడిన కత్తిని ఇక్కడ ఒరలో పెట్టేయాలి. నీడా తన కత్తి దించుతుంది. ఇద్దరూ ఎదురెదురుగా నడిచి ఒక్కరైపోతారు. అటు తరువాత ముందు నేలే కనబడదు, అంతా అగాధం. ధైర్యం చేసి అడుగు వేస్తే, వేసిన అడుగు కింద బండ పుట్టుకొస్తుంది. ఆవల జాఫర్ ఉన్నాడు. వాడి దగ్గర మాత్రం కత్తికి మళ్ళీ పని పడుతుంది.

వెళ్ళదలచిన వారికి ఒక్క మనవి. గడియారాన్ని మరువకండి. ముళ్ళ దగ్గర మాత్రం దాని వంక చూడకండి.