దివిసీమలో రెండు రోజులు

రాత్రి హైదరాబాద్‌లో బస్సెక్కితే తెల్లారేసరికి అవనిగడ్డలో దింపాడు. నవంబరు రెండో వారం. సన్నగా మంచు పడుతోంది. బస్టాండు బయట బైకు మీద మావాడు రెడీగా ఉన్నాడు.

"బస్సులో నిద్రపట్టిందా?" అన్నాడు.

లేదన్నా. నిజానికి బస్సులోనే కాదు, మూడు నెలలుగా నాకు సరిగ్గా నిద్ర లేదు.

సంగతేంటంటే, ఆగస్టులో మా ఆఫీసులో కొంతమందిని తీసేశారు. మా టీమ్‌లో ఐదుగురు. ఆ లిస్టులో వాడి పేరుంది, నా పేరు లేదు. నాలుగేళ్లు పక్కపక్క సీట్లలో కూర్చున్నాం. ఆ రోజు "ఏంట్రా ఇది" అని ఒక్క మెసేజ్ పెట్టా. ఆ తర్వాత ఫోన్ చేయలేకపోయా. చేసి ఏం మాట్లాడాలి? ఉద్యోగం ఉన్నవాడు లేనివాడికి ధైర్యం చెబితే ఎలా ఉంటుంది? రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అనుకుంటూనే మూడు నెలలు గడిచాయి. చివరికి వాడే ఫోన్ చేసి "మా ఊరొచ్చి రెండ్రోజులుండి పోరా" అన్నాడు.

ఈలోగా ఆఫీసులో మిగిలినవాళ్లకు ఓ వర్క్‌షాప్ పెట్టారు. టాపిక్ రెజిలియన్స్. అంటే దెబ్బ తగిలినా మళ్లీ నిలదొక్కుకోవడం. మార్టిన్ సెలిగ్‌మన్ అనే అమెరికన్ సైకాలజిస్టు గురించి చెప్పారు. మనసుకొచ్చే జబ్బుల్నే కాదు, మనిషి బాగా బతకడానికి ఏం కావాలో కూడా చదవాలని 1998లో ఆయన గట్టిగా చెప్పాక పాజిటివ్ సైకాలజీ ఊపందుకుంది. రోజూ పడుకునే ముందు ఆ రోజు జరిగిన మూడు మంచి విషయాలు, అవి ఎందుకు జరిగాయో రాసుకోమన్నారు. రాశా. అబద్ధం ఎందుకు, మొదటి వారం బాగానే అనిపించింది. పదో రోజు "నా ఉద్యోగం ఉంది" అని రాసి, దాని వంక చూస్తూ కూర్చుండిపోయా. మళ్లీ ఆ పుస్తకం తెరవలేదు.

"రెజిలియన్స్ ఒక కండ లాంటిది, ఎవరి కండ వాళ్లే పెంచుకోవాలి" అన్నారు ఆ ట్రైనర్. నాకు ఆ కండ లేదు కాబోలనుకున్నా.

అవనిగడ్డ నుంచి కోడూరు రోడ్డు పట్టాం. రెండు వైపులా కోతకొస్తున్న వరి, మధ్యమధ్యలో రొయ్యల చెరువులు. కృష్ణమ్మ పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల మధ్య, సముద్రం దాకా ఉన్న నేలే దివిసీమ. ఇంత పచ్చగా ఉన్న చోట అంత ఘోరం జరిగిందంటే నమ్మబుద్ధి కాదు. 1977 నవంబరు 19, శనివారం. తుపానుతో పాటు సముద్రం ఊళ్ల మీదికొచ్చేసింది. పదివేల మందికి పైగా పోయారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి విరాళాలు సేకరించారని మా ఇంట్లో పెద్దవాళ్లు చెబితే వినడమే తప్ప, ఈ నేల మీద నేనెప్పుడూ కాలు పెట్టలేదు.

మావాడి నాయనమ్మ వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. కాఫీ తాగుతుంటే తనే మొదలుపెట్టింది, ఎవరూ అడక్కుండానే. ఆ నెలొస్తే ఆవిడకి అదే మాటట.

"తాటాకు ఇల్లయ్యా మాది. నీళ్లు నడుముదాకా వచ్చేసరికి కప్పు మీదికెక్కాం. ఆ కప్పు కూడా తేలుతా పోయింది. ఈ చేత్తో వీళ్ల నాన్న, మూడేళ్లోడు. ఈ చేత్తో పిల్ల. అయిదేళ్లది." ఎడమ చెయ్యి ఎత్తి చూపించింది. కాసేపు ఆ చేతినే చూసుకుంది. "తుమ్మచెట్లకి తగులుకుని ఆగాం. ఈ చెయ్యి ఖాళీ."

ఏమనాలో తెలీలేదు. వర్క్‌షాప్ మాటలే నోటికొచ్చాయి. "ఎలా తట్టుకున్నారు మామ్మగారూ?"

"తట్టుకోవటమేంటి నాయనా? ఇప్పటికీ తట్టుకోలేదు. రెండో రోజో మూడో రోజో, పక్కూరి ఆవిడ గంజి కాసి పోసింది. ఆవిడకీ ఇద్దరు పోయారు. నాకొద్దన్నా. 'పిల్లోడికి పాలు రావాలా, తాగు' అని తిట్టింది. తాగాను. మర్నాడు నేను ఇంకొకళ్లకి కాశాను. అట్టా అట్టా రోజులెళ్లినయ్."

తర్వాత నా వైపు తిరిగింది. "మావాడి ఉద్యోగం పోయినప్పుడు నువ్వే పక్కనుండి చూసుకున్నావంటగా. చల్లగా ఉండు నాయనా."

నేను మావాడి వంక చూశా. వాడు కాఫీ గ్లాసులోకి చూస్తున్నాడు.

సాయంత్రం హంసలదీవి వెళ్లాం. వేణుగోపాలస్వామి గుడి చూసుకుని, అక్కడి నుంచి పాలకాయతిప్ప బీచికి. మాఘ పౌర్ణమికి ఇక్కడ జనం కిక్కిరిసిపోతారట. మేం వెళ్లినప్పుడు పది మంది కూడా లేరు. కృష్ణ సముద్రంలో కలిసే చోటు ఇక్కడికి దగ్గరే. కొంచెం పక్కకు పోతే బురదలో మడ చెట్లు. వాటి శ్వాస వేళ్లు నేలలోంచి పైకి, పెన్సిళ్లు గుచ్చినట్టు వేలకొద్దీ ఉంటాయి. ఒక్క మడ చెట్టుని అల పీకేస్తుంది. వేళ్లూ వేళ్లూ పెనవేసుకున్న అడవైతే అలే బలం తగ్గి లోపలికొస్తుంది.

దారిలో మావాడు తుపాను షెల్టర్ చూపించాడు. ఎత్తు స్తంభాల మీద కట్టిన పాత బిల్డింగు. 1977 తర్వాత ఈ తీరంలో ఇలాంటివి చాలా కట్టారు. 1990 మేలో దాదాపు అంత తీవ్రమైన తుపానే కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. అప్పటికి హెచ్చరికలు ముందే అందాయి, లక్షల మందిని ముందుగానే తరలించారు. వెయ్యి మందిలోపు చనిపోయారు. అదీ తక్కువేం కాదు. కానీ పదివేలెక్కడ, వెయ్యెక్కడ? ఆ పదమూడేళ్లలో దివిసీమ జనం గుండెలేమీ రాయి అయిపోలేదు. తలదాచుకోవడానికో చోటు, ముందే చెప్పే మనిషి, ఎక్కించుకెళ్లే లారీ వచ్చాయి. అంతే.

ఇదేదో నా సొంత సిద్ధాంతం కాదు. ఎమ్మీ వెర్నర్ అనే సైకాలజిస్టు, ఆమె బృందం హవాయిలోని కవాయ్ దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, ఇంట్లో గొడవల మధ్య పెరిగిన పిల్లల్లో మూడోవంతు మంది చక్కగా ఎదిగారు. వాళ్లకు కలిసొచ్చిన వాటిలో ముఖ్యమైంది, తల్లిదండ్రులు కాకపోయినా సరే, అక్కున చేర్చుకున్న ఒక పెద్దమనిషి తోడుండటం. తాతో, పిన్నో, టీచరో. ఆ వర్క్‌షాప్ స్లైడ్లలో ఈ ముక్క లేదు. ఉంటే నేను అప్పుడే ఫోన్ చేసేవాడినా? ఏమో.

ఇసుకలో కూర్చున్నాక అడిగా. "మీ నాయనమ్మకి అలా ఎందుకు చెప్పావ్?"

"అక్కడ నువ్వు ఒక్కడివే ఏమైపోతున్నావో అని రోజూ ఏడ్చేది. ఎవరో ఒకళ్లు ఉన్నారంటేగానీ నిద్రపోయేది కాదు. నీ పేరే నోటికొచ్చింది."

"సారీ రా."

"చేస్తావేమోనని ఓ నెల చూశా," అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. కాసేపయ్యాక ప్యాంటు దులుపుకుంటూ లేచాడు. "పద, చీకటి పడితే దోమలు పీకేస్తాయ్. నాయనమ్మ రొయ్యల కూర చేయిస్తోంది."

ఆ రాత్రి వాడి రెజ్యూమె ముందేసుకుని ఇద్దరం ఒంటిగంట దాకా కూర్చున్నాం. ఉద్యోగం వస్తుందో లేదో తెలీదు. పడుకోగానే మాత్రం నిద్రపట్టింది. ఎప్పటి నిద్రో.

మీరూ వెళ్లాలనుకుంటే, విజయవాడ నుంచి ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి మీదుగా అవనిగడ్డకు బస్సులుంటాయి. దారిలో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడి చూడొచ్చు. హంసలదీవికి సొంత బండి ఉంటే మేలు. సముద్రంలోకి మాత్రం లోతుగా వెళ్లొద్దు. అక్కడ పెద్దవాళ్లెవరైనా మంచం మీద కూర్చుని కనిపిస్తే, కాసేపు పక్కన కూర్చోండి.

తిరుగు ప్రయాణంలో ఆ పుస్తకం మళ్లీ తీశా. మూడు మంచి విషయాలు రాయలేదు. ఆగస్టు లిస్టులో మిగిలిన నలుగురి పేర్లు రాసుకున్నా. బస్సు చల్లపల్లి దాటేలోపు ఇద్దరికి ఫోన్ చేశా. ఒకడు అరగంట మాట్లాడాడు. ఒకావిడ "థాంక్స్" అని పెట్టేసింది. మూడోవాడు ఎత్తలేదు.

రేపు మళ్లీ చేయాలి.